మీ డొమైన్ పేరు మీద ట్రేడ్‌మార్క్ నోటీసు వస్తే: మొదటి రోజు నుంచి తీర్పు దాకా

సొంత పేరుతోనో, మారుపేరుతోనో, నచ్చిన ఓ మాటతోనో డొమైన్ కొనుక్కుని వెబ్‌సైట్ నడుపుకుంటూ ఉంటారు. ఒకరోజు లాయర్ ఉత్తరం వస్తుంది: ‘ఈ పేరు మా క్లయింటు ట్రేడ్‌మార్క్. ఏడు రోజుల్లో డొమైన్ అప్పగించండి, లేదంటే చట్టపరమైన చర్య తప్పదు.’ భయపడి అప్పటికప్పుడే పేరు వదులుకునేవాళ్లు కొందరు. కోపంతో నాలుగు మాటలు రాసి, నెగ్గాల్సిన తగాదాను చేజేతులా పోగొట్టుకునేవాళ్లు ఇంకొందరు. రెండూ అక్కర్లేని నష్టాలే.

ఈ తగాదాలు ఎక్కువగా తేదీల మీద తేలతాయి. నోటీసు అందకముందు ఆ పేరుతో మీరేం చేశారు, దాన్ని కాగితం మీద చూపగలరా అన్నదే అసలు ప్రశ్న. నోటీసు అందిన తర్వాత మీరు ఏం చేసినా, ఏం రాసినా అది అవతలివాళ్ల ఫైలులోకి చేరుతుంది.

డాట్ కామ్, డాట్ నెట్, డాట్ ఆర్గ్ వంటి పేర్లన్నిటికీ వర్తించేది, ఇంటర్నెట్ చిరునామాల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ 1999లో తెచ్చిన వివాద పరిష్కార విధానం, యూడీఆర్పీ. డొమైన్ కొన్న రోజు రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మే కంపెనీ) షరతులకు ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కినప్పుడే మీరు దీనికీ ఒప్పుకున్నారు. అందుకే ఇక్కడ చెప్పేది ప్రధానంగా దాని లెక్క ప్రకారమే. దేశాల పేరుతో ఉండే డొమైన్ల తేడాలు చివర్లో ఉన్నాయి.

మొదటి రోజు: ముందు భద్రపరచండి

నోటీసు చదవగానే సైటులో ఏదో ఒకటి సరిచేయాలని చేతులు లాగుతాయి. ఆపుకోండి. పేజీలు తీసేయకండి, డొమైన్‌ను స్నేహితుడి ఖాతాకు మార్చకండి, రిజిస్ట్రేషన్‌లోని పేరు, చిరునామా తిరగరాయకండి. వివాదం మొదలయ్యాక డొమైన్ చేతులు మారితే తప్పించుకోవడానికి చేసిన పనిగానే చదువుతారు. సైటును అమ్మకానికి పెట్టడం, వేరే చోటికి మళ్లించడం ఇంకా చేటు.

ఈ పనులు మాత్రం అదే రోజు పూర్తిచేయండి:

1. సైటులోని ప్రతి ముఖ్య పేజీకి స్క్రీన్‌షాట్ తీయండి. చిరునామా పట్టీ, తేదీ రెండూ కనబడాలి.
2. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో మీ సైటు పాత ప్రతులు ఎప్పటి నుంచి ఉన్నాయో చూసి, వాటి లింకులు రాసిపెట్టుకోండి. ఇవాళ్టి పేజీని కూడా అందులో భద్రం చేయించండి. మీ మాట కన్నా మీ చేతిలో లేని ఆ ప్రతికి విలువ ఎక్కువ.
3. సైటు ఫైళ్లు, డేటాబేస్, డీఎన్ఎస్ రికార్డులు (డొమైన్ ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పేవి), సర్వర్ లాగ్‌లు అన్నీ కాపీ చేసి వేరే చోట పెట్టండి.
4. రిజిస్ట్రార్ ఖాతాలోకి వెళ్లి మొట్టమొదటి బిల్లు, ప్రతి ఏటి రెన్యువల్ రసీదు దించుకోండి. పాత బిల్లుల కోసం మెయిల్లోనూ వెతకండి.
5. డొమైన్ గడువు ఎప్పుడో చూసి, దగ్గర్లో ఉంటే పొడిగించండి. ఖాతాకు జోడించిన కార్డు కాలం చెల్లిందేమో చూడండి. ట్రాన్స్‌ఫర్ లాక్ వేసి, లాగిన్‌కు రెండంచెల భద్రత పెట్టండి.
6. వచ్చిన నోటీసును పూర్తి హెడర్లతో (మెయిల్ ఎక్కడి నుంచి, ఎప్పుడు వచ్చిందో చూపే వివరాలు) సహా దాచండి. కాగితం మీద వస్తే కవరు కూడా పారేయకండి. ‘నోటీసు అందిన తేదీ’ రేపు మీకు కావాల్సి వస్తుంది.

రెన్యువల్ చేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందేమోనని కొందరు వెనకాడతారు. అదేం లేదు. యూడీఆర్పీ ప్యానెళ్లు, అంటే ఈ ఫిర్యాదుల మీద తీర్పు చెప్పే నిపుణులు, మామూలు రెన్యువల్‌ను కొత్త రిజిస్ట్రేషన్‌గా చూడవు. గడువు తీరనిస్తేనే ప్రమాదం. వివాదం నడుస్తుండగా మీరు కట్టకపోతే అవతలివాళ్లు కట్టి డొమైన్‌ను నిలబెట్టుకునే వీలు నిబంధనల్లోనే ఉంది.

‘మార్చకండి’ అన్నదానికి ఒక్క మినహాయింపు. మీ పేజీలో ఆ కంపెనీ వ్యాపారానికి చెందిన సరుకుల ప్రకటనలు కనబడుతుంటే స్క్రీన్‌షాట్ తీశాక వాటిని ఆపేయండి. తీసేసినంత మాత్రాన పాత ప్రకటనలు లేనట్టు కాదు, కానీ నోటీసు అందాక కూడా అవి కొనసాగితే మీకు చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. డొమైన్ ఊరికే పడి ఉండి, ఆ ఖాళీ పేజీలో రిజిస్ట్రారే ప్రకటనలు పెట్టుకున్నా బాధ్యత మీదేనని ప్యానెళ్లు చాలాకాలంగా అంటున్నాయి. ‘అవి నేను పెట్టలేదు’ అన్న జవాబు నిలబడదు.

వచ్చింది ఏమిటో పోల్చుకోండి

అన్ని నోటీసులూ ఒకటి కావు. ‘మీ బ్రాండు పేరును ఫలానా దేశపు డొమైన్‌గా నమోదు చేయడానికి ఒక కంపెనీ దరఖాస్తు పెట్టింది, మీకు అభ్యంతరం ఉంటే వెంటనే చెప్పండి’ అని వచ్చే మెయిల్ అక్కర్లేని డొమైన్లు అంటగట్టే పాత మోసం. దానికి జవాబే వద్దు.

నిజమైన నోటీసులో ట్రేడ్‌మార్క్ యజమాని పేరు, ఏ డొమైన్ మీద అభ్యంతరం, ఏం కోరుతున్నారు అన్నవి స్పష్టంగా ఉంటాయి. పంపింది లాయర్ అయితే ఆ సంస్థ అధికారిక వెబ్‌సైటులోని నంబరుకు ఫోన్ చేసి నిజమేనా అని కనుక్కోండి. నోటీసులో ఇచ్చిన నంబరుకు కాదు. బ్రాండు రక్షణ సేవల కంపెనీలు సాఫ్ట్‌వేర్‌తో వెతికి మూకుమ్మడిగా పంపే మెయిళ్లూ ఉంటాయి. మీ సైటును ఒక మనిషి తెరిచి చూశాక రాసిన ఉత్తరమా, పేరు కలిసిందని యంత్రం తోసిన ఉత్తరమా అన్నది చదివితే చాలావరకు తెలిసిపోతుంది.

లాయర్ ఉత్తరంలోని ఏడు రోజులో పది రోజులో వాళ్లు పెట్టుకున్న గడువు, చట్టం పెట్టింది కాదు. అయినా జవాబివ్వకుండా వదిలేయడం మంచిది కాదు. యూడీఆర్పీ ఫిర్యాదులు తీసుకునే కేంద్రం నుంచి వచ్చిన నోటీసైతే గడువు నిజమైనది. కోర్టు సమన్లైతే అదే రోజు లాయర్‌ను కలవండి. ఉదాహరణకు అమెరికాలో 1999 నాటి సైబర్‌స్క్వాటింగ్ (ఇతరుల బ్రాండు పేరుతో దురుద్దేశంగా డొమైన్ కొనడం) చట్టం కింద ఒక్కో డొమైన్‌కు వెయ్యి నుంచి లక్ష డాలర్ల దాకా పరిహారం వేసే అధికారం కోర్టుకు ఉంది. యూడీఆర్పీలో డబ్బు శిక్ష ఉండదు. డొమైన్ బదిలీ లేదా రద్దు, అంతవరకే.

నోటీసు మీకు కాకుండా మీ హోస్టింగ్ కంపెనీకి వెళ్లడమూ జరుగుతుంది. అక్కడ చాలామంది డీఎంసీఏ అనే అమెరికా చట్టం ప్రకారం ప్రతినోటీసు పంపబోతారు. ఆ చట్టం కాపీరైటుకే పరిమితం, ట్రేడ్‌మార్క్ గొడవకు పనికిరాదు. హోస్టింగ్ కంపెనీకి మీ వైపు విషయాన్ని మామూలు మెయిల్లో వివరించి, మీ రుజువులు జతచేయండి.

వాళ్ల ట్రేడ్‌మార్క్‌ను మీ కళ్లతో చూడండి

‘రిజిస్టర్డ్ ట్రేడ్‌మార్క్’ అని రాసినంత మాత్రాన నమ్మక్కర్లేదు. వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) వారి గ్లోబల్ బ్రాండ్ డేటాబేస్‌లోనూ, ఆయా దేశాల ట్రేడ్‌మార్క్ కార్యాలయాల వెబ్‌సైట్లలోనూ ఉచితంగా వెతకొచ్చు. ఇవి రాసుకోండి: రిజిస్ట్రేషన్ నంబరు, యజమాని పేరు, దేశం, దరఖాస్తు తేదీ, మంజూరు తేదీ, ఇప్పటికీ చెల్లుబాటులో ఉందా, ఏ తరగతి.

ట్రేడ్‌మార్కులు 45 తరగతులుగా ఉంటాయి. 1 నుంచి 34 సరుకులకు, 35 నుంచి 45 సేవలకు. ఒక కంపెనీకి సబ్బుల తరగతిలో ఓ మాట మీద హక్కు ఉంటే, అదే మాటతో కవిత్వం రాసుకునే మనిషి సైటు మీద హక్కు దానంతటదే రాదు. దరఖాస్తు ఇంకా పెండింగులో ఉంటే యూడీఆర్పీ కింద అది మాత్రమే చాలదు. నమోదైంది అక్షరాలా, లేక బొమ్మతో కూడిన లోగోనా అన్నదీ చూడండి. మామూలు నిఘంటు పదం అయ్యుండి, లోగోలోని ఆ మాట మీద విడిగా హక్కు లేదని రిజిస్ట్రేషన్‌లోనే రాసి ఉంటే మీ చేతికి బలమైన ఆధారం దొరికినట్టే. ఒకటి గుర్తుంచుకోండి: నమోదు లేకున్నా వాడకం వల్ల వచ్చిన హక్కును చూపి కూడా ఫిర్యాదు చేయొచ్చు. అప్పుడు ఆ పేరు జనంలో వాళ్లదిగా గుర్తింపు పొందిందని వాళ్లు రుజువు చేసుకోవాలి.

తర్వాత ఒక కాగితం మీద రెండు నిలువు వరసలు గీయండి. ఎడమ వైపు మీ తేదీలు: డొమైన్ కొన్నది, మొదటి పేజీ పెట్టింది, ఆ పేరుతో మెయిల్ వాడటం మొదలెట్టింది, ఆ పేరు ఇతరులు వాడి మిమ్మల్ని పిలిచింది. కుడి వైపు వాళ్లవి: కంపెనీ పెట్టింది, పేరు మొదట వాడింది, దరఖాస్తు, మంజూరు, మీకు మొదటి ఉత్తరం. చాలా తగాదాల జాతకం ఈ ఒక్క కాగితం మీద కనబడిపోతుంది. వాళ్ల హక్కు పుట్టకముందే మీరు డొమైన్ కొని ఉంటే, లేని ట్రేడ్‌మార్క్ మీద దురుద్దేశంతో కొన్నారని సాధారణంగా అనలేరు. రాబోయే విలీనం గురించో, పెద్ద ప్రకటన గురించో ముందే తెలిసి కొన్నట్టు తేలితే మాత్రం కథ మారుతుంది.

ఇక్కడ తరచు తప్పే లెక్క ఒకటుంది. డొమైన్‌ను మీరు మరొకరి దగ్గర కొని ఉంటే, హూయిజ్‌లో (డొమైన్ నమోదు వివరాలు చూపే జాబితా) కనిపించే సృష్టి తేదీ మీది కాదు. మీ చేతికి వచ్చిన రోజే మీ తేదీ.

ఇంకో చిక్కు కూడా ఇక్కడే బయటపడుతుంది: డొమైన్ మీ పేరు మీద కాక సైటు తయారుచేసిన డిజైనర్ పేరు మీద ఉండటం. వివాదం లేనప్పుడైతే అయిదు నిమిషాల్లో సరిచేసుకునే విషయం అది. నోటీసు అందాక మార్చితే దాచినట్టు కనిపిస్తుంది. మార్చకుండా, మీ తరఫున ఆయన కొన్నట్టు చూపే బిల్లులు, మెయిళ్లు, ఆయన సంతకంతో వాంగ్మూలం పోగుచేయండి.

మూడు మెట్లు: మీరెక్కడ నిలబడ్డారో తేల్చుకోండి

ఫిర్యాదుదారు మూడు విషయాలనూ రుజువు చేయాలి. ఒక్కటి తప్పినా ఫిర్యాదు కొట్టేస్తారు.

మొదటిది, డొమైన్ వాళ్ల ట్రేడ్‌మార్క్‌తో సమానంగా గానీ, పొరపడేంత దగ్గరగా గానీ ఉండటం. ఇది చాలా తేలికైన మెట్టు. డాట్ కామ్ లాంటి తోకను పక్కనపెట్టి అక్షరాలను అక్షరాలతో పోలుస్తారు. సైటులో ఏముందో ఇక్కడ దాదాపు చూడరు. ఆ మాట డొమైన్‌లో ఉంటే దీని మీద పేజీలు పేజీలు వాదించి సమయం పాడుచేసుకోకండి.

రెండోది, ఆ పేరు మీద మీకు హక్కు గానీ న్యాయమైన ప్రయోజనం గానీ లేకపోవడం. సొంత వెబ్‌సైటు ఉన్నవాళ్ల బలమంతా ఇక్కడే. విధానంలోనే మూడు దారులు రాసిపెట్టారు. నోటీసుకు ముందే ఆ పేరుతో నిజాయితీగా సరుకులో సేవలో అందిస్తున్నారా, లేదా అందించడానికి కనబడే ఏర్పాట్లు చేశారా అన్నది ఒకటి. ఆ పేరుతో మీరు నలుగురికీ తెలుసా అన్నది రెండోది. వ్యాపార లాభం ఆశించకుండా, జనాన్ని దారి మళ్లించకుండా న్యాయంగా వాడుతున్నారా అన్నది మూడోది.

పుట్టినప్పటి పేరో ఇంటిపేరో అయితే గుర్తింపు పత్రం ఒక్కటే చాలావరకు సరిపోతుంది. మారుపేరైతే మీరు పెట్టుకున్నానని చెప్పడం చాలదు, ఇతరులు మిమ్మల్ని అలా పిలిచినట్టు కనబడాలి. పాత వ్యాసాల కింద రచయిత పేరు, సభల ఆహ్వానపత్రాలు, ఓపెన్‌సోర్స్ కోడ్ కమిట్‌లు, మీకు వచ్చిన ఉత్తరాలు లాంటివి. అన్నీ నోటీసుకు ముందువి కావాలి.

2000 సంవత్సరంలో వచ్చిన రెండు తీర్పులు పక్కపక్కన పెట్టి చూడదగ్గవి. నటి జూలియా రాబర్ట్స్ తన పేరుతో ఉన్న డాట్ కామ్ కోసం ఫిర్యాదు చేసి గెలిచారు. అవతలి వ్యక్తికి ఆ పేరుతో ఏ సంబంధమూ లేదు, ఇంకా ఎందరో ప్రముఖుల పేర్లూ కొనిపెట్టాడు. అదే ఏడు గాయకుడు స్టింగ్ అలాగే ఫిర్యాదు చేసి ఓడిపోయారు. స్టింగ్ అనేది మామూలు ఇంగ్లిష్ పదం. అవతలి వ్యక్తి తానూ ఆన్‌లైన్‌లో ఆ మారుపేరు వాడుతున్నానన్నాడు, దురుద్దేశం రుజువు కాలేదు. ప్రముఖుడి పేరు కలిసింది కాబట్టి డొమైన్ పోతుందన్న భయం నిజం కాదని ఈ రెండూ చెబుతాయి.

ప్రకటనల సంగతి నిస్సాన్ కేసులో ఉంది. నిస్సాన్ అనేది ఇంటిపేరుగా ఉన్న ఒక వ్యాపారి 1994లో ఆ పేరుతోనే డాట్ కామ్ కొన్నాడు. కార్ల కంపెనీ 1999 చివర్లో దావా వేసింది. గొడవ ఏళ్ల తరబడి సాగినా డొమైన్ ఆయన దగ్గరే నిలిచింది. అయితే సైటులో కార్లకు సంబంధించిన ప్రకటనలు పెట్టడాన్ని మాత్రం కోర్టులు తప్పుపట్టాయి. పేరు మీదైనా, ఆ పేరు వల్ల దారితప్పి వచ్చినవాళ్ల మీద సంపాదించే హక్కు మీది కాదు.

విమర్శ కోసమో అభిమానంతోనో నడిపే సైటైతే డొమైన్ కూర్పు ముఖ్యం. అచ్చంగా బ్రాండు పేరే డొమైన్ అయితే వాళ్లే నడుపుతున్నట్టు ఉందని ప్యానెళ్లు అంటాయి. విమర్శ అని తెలిపే మాట ఏదైనా జతపడితే మీకు చోటు పెరుగుతుంది. ‘ఈ సైటుకు ఆ కంపెనీతో సంబంధం లేదు’ అన్న ప్రకటన పైన కనబడేలా ఉంటే మేలే గానీ, అదొక్కటే రక్షించదు.

మూడోది దురుద్దేశం. డొమైన్‌ను దురుద్దేశంతో నమోదు చేయడమూ, దురుద్దేశంతో వాడటమూ రెండూ రుజువు కావాలి. విధానం నాలుగు ఉదాహరణలు చెబుతుంది: ట్రేడ్‌మార్క్ యజమానికో అతని పోటీదారుకో మీరు పెట్టిన ఖర్చు కన్నా ఎక్కువకు అమ్మడానికే కొనడం, యజమానికి ఆ పేరు దక్కకుండా అలవాటుగా అడ్డుపడటం, పోటీదారు వ్యాపారం చెడగొట్టడం, జనం పొరపాటు మీద లాభం పొందడం. ఖాళీగా ఉంచితే ‘వాడకమే లేదు’ కాబట్టి తప్పించుకోవచ్చని అనుకోకండి. 2000లో టెల్‌స్ట్రా కేసు నుంచి, బాగా పేరున్న మార్కునూ, దాచిపెట్టిన గుర్తింపునూ చూసి ఊరికే ఉంచుకోవడాన్ని కూడా దురుద్దేశపు వాడకంగా లెక్కిస్తున్నారు.

ఈ మూడు మెట్లలో రెండోదీ మూడోదీ మీ వైపు బలహీనంగా ఉన్నాయని నిజాయితీగా అనిపిస్తే, పోట్లాట కన్నా గౌరవంగా అప్పగించి చక్కగా సర్దుకోవడం మేలు.

ధర మాట ఎత్తకండి

ఇంత నష్టం చేసే తప్పు మరొకటి లేదు కాబట్టి విడిగా చెప్పాల్సి వస్తోంది. ‘ఎంతిస్తారు?’ అన్న ఒక్క వాక్యం ఫిర్యాదులో మొదటి జతపత్రం అవుతుంది. 2004లో మైక్రోసాఫ్ట్‌కూ, పలికితే ఆ కంపెనీలా వినిపించేలా తన పేరు చివర ‘సాఫ్ట్’ చేర్చి డొమైన్ పెట్టుకున్న ఒక కెనడా విద్యార్థికీ మధ్య గొడవ వచ్చింది. కంపెనీ లాయర్లు 10 డాలర్లు ఇస్తామన్నారు. అతను 10,000 డాలర్లు అడిగాడు. ఆ వెంటనే వచ్చిన ఉత్తరంలో అమ్ముకోవడానికే కొన్నాడన్న ఆరోపణ చేరింది. చివరికి రాజీ కుదిరింది గానీ, ఆ ఒక్క అంకెతో అతని వాదన బలం తగ్గింది.

వాళ్లే ధర అడిగితే? వాళ్లు ముందుగా అడిగినప్పుడు మీరు ఇచ్చిన జవాబు దానంతటదే దురుద్దేశం కాదు. అయినా మొదటి అంకె వాళ్లనే చెప్పనివ్వండి. ‘రాజీ చర్చ, కోర్టులో వాడరాదు’ అని పైన రాసినంత మాత్రాన యూడీఆర్పీలో అది బయటికి రాదన్న భరోసా లేదు.

లాయర్ ఉత్తరానికి జవాబు

చిన్నదిగా, మర్యాదగా, తేదీలతో ఉండాలి. ఏ భాషలో ఉత్తరం వస్తే ఆ భాషలోనే రాయండి. సారాంశం ఇలా ఉంటే చాలు:

‘మీ ఫలానా తేదీ ఉత్తరం అందింది. ఈ డొమైన్‌ను ఫలానా సంవత్సరంలో నా ఇంటిపేరు కాబట్టి నమోదు చేసుకున్నాను. అప్పటి నుంచి నా సొంత రచనల కోసం వాడుతున్నాను. సైటులో వ్యాపారం గానీ, మీ క్లయింటు రంగానికి చెందిన ప్రకటనలు గానీ లేవు. మీ క్లయింటు ట్రేడ్‌మార్క్ నమోదు వివరాలు, ఏ పేజీ వల్ల ఎవరు పొరపడ్డారో తెలిపే ఆధారాలు పంపగలరు. అంతవరకు నా హక్కులన్నీ నాకే ఉంటాయి.’

మీరు ఆ కంపెనీ గురించి డొమైన్ కొన్నప్పుడు విన్నారా లేదా అన్న ప్రశ్నకు తొందరపడి జవాబివ్వకండి. అబద్ధం మాత్రం అసలే వద్దు. పాత మెయిల్ ఒకటి బయటపడితే మిగతా నిజాలన్నీ దానితోపాటే కొట్టుకుపోతాయి. ఉత్తరాన్ని సోషల్ మీడియాలో పెట్టాలనిపిస్తే కనీసం లాయర్‌తో మాట్లాడాక పెట్టండి. కొన్నిసార్లు జనం ఒత్తిడి పనిచేస్తుంది, కానీ కంపెనీని పరిహసిస్తూ రాసిన ప్రతి పోస్టూ ఫైలుకెక్కుతుంది.

యూడీఆర్పీ ఫిర్యాదు వేస్తే ఏ రోజు ఏం జరుగుతుంది

ఫిర్యాదు వైపోలోనో, అమెరికాలోని ‘ఫోరమ్’ అనే సంస్థలోనో, చెక్ ఆర్బిట్రేషన్ కోర్టులోనో, ఆసియా డొమైన్ వివాదాల కేంద్రంలోనో వేస్తారు. ఎంచుకునేది ఫిర్యాదుదారు. కేంద్రం మీ రిజిస్ట్రార్‌ను సంప్రదించగానే రెండు పనిదినాల్లో డొమైన్‌కు తాళం పడుతుంది. యజమాని పేరు గానీ రిజిస్ట్రార్‌ను గానీ మార్చలేరు, సైటూ మెయిలూ మాత్రం ఎప్పటిలాగే నడుస్తాయి. మీ వివరాలు గోప్యంగా ఉంచిన సేవ వాడుతుంటే ఈ దశలో అసలు పేరు ఫిర్యాదుదారుకు తెలుస్తుంది.

తాళం సంగతి మీకు ముందుగా తెలియదు. 2015 నుంచి, డొమైన్ తప్పించే వీలు లేకుండా, తాళం పడ్డాకే ప్రతివాదికి కబురు వెళ్లే ఏర్పాటు చేశారు. ఆ కబురు రిజిస్ట్రేషన్‌లోని మెయిల్‌కూ, మీ డొమైన్‌లో ‘పోస్ట్‌మాస్టర్’ అన్న చిరునామాకూ వస్తుంది. ఆ పోస్ట్‌మాస్టర్ మెయిల్ పెట్టె లేకపోతే ఇవాళే పెట్టుకోండి, స్పామ్ ఫోల్డరూ రోజూ చూడండి. జవాబు ఇవ్వకుండా ఓడిపోయినవాళ్లలో మెయిల్ చూడనివాళ్లూ ఉంటారు.

కేసు మొదలైన తేదీ నుంచి జవాబుకు 20 రోజులు. ఇంకా కావాలంటే గడువు లోపు అడగండి, నాలుగు రోజులు అడిగితే చాలు ఇస్తారు. జవాబు వచ్చాక ప్యానెల్‌ను నియమిస్తారు. నియామకం నుంచి సాధారణంగా 14 రోజుల్లో తీర్పు. హాజరై మాట్లాడేది ఉండదు. అంతా కాగితాల మీదే. మొత్తం రెండు నెలల పని.

ఒక్క ప్యానెలిస్టు సరిపోతే మీకు ఖర్చు లేదు. వైపోలో అయిదు డొమైన్ల దాకా ఉన్న కేసుకు 1,500 డాలర్లు ఫిర్యాదుదారే కడతారు. మీరు ముగ్గురిని కోరితే ఫీజు 4,000 డాలర్లు. ఒక్కరు చాలని ఫిర్యాదుదారు అడిగి ఉంటే అందులో సగం, 2,000, మీ మీద పడుతుంది. బదులుగా మీరు ముగ్గురు పేర్లు సూచించే అవకాశం దొరుకుతుంది. డొమైన్ మీకు నిజంగా విలువైనదై, వాదన మామూలు పదం చుట్టూ తిరిగేదైతే ఈ ఖర్చు దండగ కాదు. ఇంటిపేరు లాంటి సూటి కేసుకు ఒక్కరు చాలు.

జవాబు రాయడం

వైపోలో వాదన భాగానికి 5,000 పదాల హద్దు. అందులో సగంతో చెప్పగలిగితే ఇంకా మంచిది. ఫిర్యాదులోని పేరాల వరసలోనే జవాబివ్వండి. ఏ ఆరోపణను వదిలేసినా ఒప్పుకున్నట్టు చదివే ప్రమాదం ఉంది. ముందు ఒక పేజీలో కాలక్రమం, ఆ తర్వాత మూడు మెట్లు. మొదటి మెట్టు మీద రెండు వాక్యాలు, మిగతాదంతా రెండూ మూడూ మీద. ప్రతి వాక్యం చివర ఏ జతపత్రం చూడాలో నంబరు వేయండి. ‘నేను ఎన్నో ఏళ్లుగా ఈ పేరు వాడుతున్నాను’ అన్నది వాదన మాత్రమే. ‘ఫలానా సంవత్సరపు ఆర్కైవ్ ప్రతి, జతపత్రం 4’ అన్నప్పుడే అది రుజువు.

జతపత్రాలకు సూచిక, ఒక్కోదానికి ఒక వాక్యం వివరణ ఉండాలి. వేరే భాషలో ఉన్న పత్రాలకు అనువాదం పెట్టండి. కేసు భాష సాధారణంగా మీ రిజిస్ట్రేషన్ ఒప్పందం ఏ భాషలో ఉందో అదే. చివర్లో ‘ఈ సమాచారం నాకు తెలిసినంతవరకు పూర్తిగా, నిజం’ అన్న ధ్రువీకరణ నిబంధనల్లో ఉన్న మాటల్లోనే పెట్టి సంతకం చేయాలి. ఒక్కసారి పంపాక అదనంగా పంపేవి చదవాలా వద్దా అన్నది ప్యానెల్ ఇష్టం. అందుకని ‘తర్వాత పంపుదాం’ అని ఏ రుజువునూ ఆపుకోకండి.

వాళ్ల ట్రేడ్‌మార్క్ కన్నా మీ డొమైన్ స్పష్టంగా పాతదై ఉంటే, లేదా మీ దగ్గర కొనడానికి బేరమాడి కుదరక ఫిర్యాదు వేస్తే, ఇది ‘రివర్స్ డొమైన్ నేమ్ హైజాకింగ్’ (ఫిర్యాదు పేరుతో డొమైన్ లాక్కోజూడటం) అని ప్రకటించమని జవాబులోనే అడగండి. దానికి డబ్బు రాదు. కానీ ఆ మాట తీర్పులో ఎక్కితే కంపెనీ పేరుతో సహా బహిరంగంగా నిలిచిపోతుంది, రేపు మరొకరి మీదికి వెళ్లే ముందు వాళ్లు ఆలోచిస్తారు.

రాజీ కుదిరితే, లేదా అప్పగించాల్సి వస్తే

తీర్పు రాకముందు ఎప్పుడైనా కేసును నిలిపి రాజీ చేసుకోవచ్చు. డొమైన్ మీ దగ్గరే ఉండే రాజీలూ ఉంటాయి: ఆ రంగం ప్రకటనలు పెట్టనని మీరు, ఇకపై అభ్యంతరం చెప్పమని వాళ్లు రాసుకోవడం. అప్పగించే రాజీ అయితే కాగితంలో ఇవి ఉండాలి: తప్పు ఒప్పుకున్నట్టు కాదన్న వాక్యం, పాత వాడకం మీద ఇక ఏ దావా వేయమన్న హామీ, డబ్బు ఉంటే అది మూడో పక్షం ఎస్క్రో (బదిలీ పూర్తయ్యేదాకా డబ్బు పట్టి ఉంచే మధ్యవర్తి) ద్వారా, పాత పేజీలను కొత్త చిరునామాకు మళ్లించే గడువు కనీసం ఆరు నెలలు, మెయిల్‌కూ అంతే గడువు.

సొంత డొమైన్‌తో వచ్చే పెద్ద ప్రమాదం మెయిల్. పేరు చేతులు మారిన క్షణం నుంచి ఆ చిరునామాకు వచ్చే ప్రతి మెయిలూ కొత్త యజమానికి చేరగలదు. బ్యాంకు, పన్నులు, సోషల్ ఖాతాల పాస్‌వర్డ్ మార్పు లింకులు కూడా అందులోనే వస్తాయి. అందుకని బదిలీ కోడ్ ఇచ్చేముందు మీ పాస్‌వర్డ్ మేనేజర్ తెరిచి, ఆ డొమైన్ మెయిల్‌తో ఉన్న ప్రతి ఖాతానూ కొత్త మెయిల్‌కు మార్చండి. డొమైన్ రిజిస్ట్రార్ ఖాతానే ఆ డొమైన్ మెయిల్ మీద ఉందేమో ముందుగా చూసుకోండి.

తీర్పు తర్వాత

ఓడితే అంతటితో అయిపోయినట్టు కాదు. తీర్పు అందాక రిజిస్ట్రార్ తన ప్రధాన కార్యాలయం ఉన్న చోటి లెక్కన 10 పనిదినాలు ఆగుతుంది. ఆ లోపు మీరు కోర్టులో దావా వేసి, కోర్టు ముద్ర ఉన్న ప్రతి రిజిస్ట్రార్‌కు పంపితే బదిలీ ఆగుతుంది. ఏ కోర్టులోనైనా కుదరదు. ఫిర్యాదులో వాళ్లు ఒప్పుకున్న కోర్టు పరిధిలోనే వేయాలి. అది రిజిస్ట్రార్ కార్యాలయం ఉన్న చోటైనా కావొచ్చు, రిజిస్ట్రేషన్‌లో మీరిచ్చిన చిరునామా ఉన్న చోటైనా కావొచ్చు. ఫిర్యాదు చేతికందిన రోజే ఆ పేరా వెతికి, అక్కడి లాయర్ ఎవరో కనుక్కుని పెట్టుకోండి. పది రోజుల్లో లాయర్‌ను వెతికి దావా వేయడం దాదాపు అసాధ్యం.

డాట్ షాప్ లాంటి కొత్త తరహా డొమైన్లకు యూఆర్ఎస్ అనే వేగవంతమైన పద్ధతి కూడా ఉంది. జవాబుకు 14 రోజులే. బదిలీ ఉండదు, సైటును నిలిపివేయడమే. రుజువు మాత్రం యూడీఆర్పీ కన్నా బలంగా ఉండాలి. దేశాల డొమైన్లకు ఎవరి నియమాలు వాళ్లవి. డాట్ ఇన్, డాట్ యూకే రెండింటిలోనూ నమోదులో గానీ వాడకంలో గానీ ఒక్కచోట తప్పు కనబడితే చాలు. యూడీఆర్పీలోలా రెండూ కావాలన్న రక్షణ అక్కడ లేదు. డాట్ యూకేలో మీరు జవాబిస్తే ఉచిత మధ్యవర్తిత్వం దొరుకుతుంది, దాన్ని వదులుకోవద్దు. మీ డొమైన్ తోక ఏదో చూసి, దాని రిజిస్ట్రీ వెబ్‌సైటులోని విధానాన్ని మొదటి రోజే చదవండి.

గెలిస్తే తాళం తొలగిందో లేదో వారం తర్వాత రిజిస్ట్రార్ ఖాతాలో చూసుకోండి. ఒక్కోసారి ఎవరూ తీయకుండా ఉండిపోతుంది, తీయమని మీరే రాయాలి. ఆ తర్వాత డొమైన్‌ను వీలైనన్ని ఏళ్లకు పొడిగించండి. పదేళ్ల దాకా కుదురుతుంది. కేసు ఫైలంతా తీర్పుతో సహా ఒకేచోట దాచండి. అదే కంపెనీ మరో కేంద్రంలో మళ్లీ ఫిర్యాదు వేస్తే, జవాబులో మొదటి జతపత్రం ఆ తీర్పే.